వేలిముద్రలను నమ్మని మేస్త్రి

మేస్త్రి చనిపోయాడని పోయిన మంగళవారం గోపాల్‌పేట నుంచి ఫోన్ వచ్చింది. నేను వనపర్తి నుంచి ఆ ఊరు చేరేసరికి పంతొమ్మిది మంది ఉన్నారు. ఊరంతా కన్నీరు పెట్టిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇది వలసల కాలం. సగం ఇళ్లకు తాళాలున్నాయి.

ఆయన ముప్పై ఏళ్లు గుంపు మేస్త్రి. దసరా దాటగానే చుట్టుపక్కల ఊళ్ల కూలీలను పుణె, బొంబాయి కట్టడాలకు తీసుకుపోయి, తొలకరికి తిరిగి తెచ్చేవాడు. రైలు చివరగా ఎక్కేవాడు. ఎవరూ వెనకబడకుండా చూడటానికేమో అనుకున్నాను. ఎవరైనా పారిపోతారేమోనని ఎక్కేవాడినని ఆయనే చెప్పాడు. మేస్త్రీల మీద నేను చాలా వార్తలు రాశాను, మంచివి కావు. అందుకే మోకాళ్లు అరిగి ఊళ్లో ఉండిపోయిన ఈ మనిషి ఒకరోజు నా ఆఫీసు మెట్లెక్కితే, కుర్చీ చూపించానే గానీ నమ్మలేదు.

దానికి రెండు రోజుల ముందు ఒక వార్త రాశాను. ఆ ఊరి నుంచి చదువుకుని హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న నలుగురు కుర్రాళ్లు కూలీల కాలనీకి బోరు వేయించబోతున్నారు. వాళ్లకు ముందున్నవాడు ఇంజనీరు. కాలనీ ఆడవాళ్లు నీళ్లకు మైలు దూరం నడుస్తారు. ఊరి పెద్ద ఒకాయన తన వేరుశనగ చేను గట్టున జాగా చూపించాడు. కాలనీకి అది అర మైలు. అయినా అందరూ ఒప్పుకున్నారంటూ వేలిముద్రల కాగితం ఇచ్చాడు. ఇంజనీరు కాగితాన్ని నమ్మాడు, నేను ఇంజనీరును నమ్మాను. ఊరంతా ఒక్క మాట మీద ఉందని శీర్షిక పెట్టాను.

మేస్త్రికి చదువు రాదు. వార్తను ఎవరితోనో చదివించుకుని వచ్చాడు.

"ఊరంత అంటే ఎవరెవరు సార్?"

ఊరి పెద్దకు అవతలి పార్టీవాళ్లు పంపి ఉంటారనుకున్నాను. అయినా నా దగ్గరున్న నకలు తీసి పేర్లు చదివాను. ఒక్కో పేరుకు వేలు మడుస్తూ పుణె, పుణె, బొంబాయి, వీడు పోయినేడే సచ్చిండు, పుణె అంటూ పోయాడు. తర్వాత కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టాడు.

"సున్నం, సిమెంటు మోసిన ఏలికి గిన్ని గీతలుంటయా? ఇవి కుర్సీల కూసునే ఏళ్లు."

ఆ మాట బాగుంది. బాగున్న మాటలను నేను వెంటనే నమ్మను. ఎస్టీడీ బూత్‌కు వెళ్లి, ఆయన చెప్పిన పుణె టీకొట్టు నంబరు కలిపించాను. కాగితంలో మూడో పేరున్న ఆవిడ అరగంటకు ఫోన్ దగ్గరికి వచ్చింది. దసరా నుంచి అక్కడే ఉందట. బోరు సంగతే తెలియదట. "మా ఇంటి కాడనా సార్?" అని ఒక్కటే అడిగింది.

ఆదివారం ఇంజనీరును, మేస్త్రిని ఆఫీసుకు పిలిపించాను. బోరు బండి మర్నాడే రావాలి. ఇంజనీరుకు మళ్లీ సెలవు దొరకదు. విన్నాక అతని మొహం ఎర్రబడింది, మేస్త్రి వైపు తిరిగాడు.

"సొంతూరోళ్ల మీదనే అనుమానపడమంటవా మామా?"

"నా మీద గూడ పడు అల్లుడా. నేను గిట్లనే చేసిన. పది మందిని అడిగి, నలభై మంది ఒప్పుకున్నరని చెప్పి లారీ ఎక్కించిన. ఒక్కడు గూడ కాదంటలేడంటే, కాదనేటోడు ఆడ లేడన్నట్టే."

బండి రద్దయింది. వలస వెళ్లినవాళ్లు వచ్చేదాకా ఆగాలనుకున్నారు. హైదరాబాద్ కుర్రాళ్లు భయపడ్డారని ఊరి పెద్ద ప్రచారం చేశాడు. నా వార్త తప్పని నేను లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశాను. ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు ఇంకో మూడు నెలలు ఆ మైలు నడిచారు. మేస్త్రి మాట విన్నందుకు అయిన ఖర్చు అది. దాచను.

నాగర్‌కర్నూల్, గద్వాల వైపు నుంచి కూడా చదువుకున్న పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ఊరికి సేవ చేయాలి, ఎట్లా ముందుండాలి అని అడుగుతారు. మీటింగుకు ఎవరు రాలేదో రాసుకుని రమ్మంటాను. సగం మంది మళ్లీ కనబడరు. ఎవరు రాలేదో చూడమన్న ఆ మాట మేస్త్రిది. ఆయనకు ఇందులో ఏదో లాభం ఉండే ఉంటుందని నేను చాలాకాలం వెతికాను. దొరకలేదు. లేదని మాత్రం రాయను. దొరకలేదనే రాస్తాను.

తొలకరికి జనం తిరిగొచ్చారు. జాగా కోసం కాలనీవాళ్లు రెండు రోజులు అరుచుకున్నారు. ఇంజనీరు జీతం కోత మీద సెలవు పెట్టి, నోరెత్తకుండా కూర్చుని విన్నాడు. చివరికి కాలనీ నడిమధ్య బోరు పడింది. చేను గట్టున పడేంత నీళ్లు పడలేదు, కానీ పడ్డాయి.

బోరింగు బిగించిన రోజు ఇంజనీరు మొదటి చెంబు తెచ్చి మేస్త్రికి ఇవ్వబోయాడు. ఆయన తీసుకోలేదు. పుణె నుంచి ఫోన్‌లో మాట్లాడినావిడ బిందె పెట్టింది. ఆమె వెనక ఇంకో బిందె, దాని వెనక ఇంకొకటి. మేస్త్రి ఎదురింటి అరుగు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఎవరి బిందె ముందుకు జరుగుతోందో, ఎవరిది వెనక్కి పోతోందో చూస్తున్నాడు. వాన మొదలైనా లేవలేదు.