డ్రిల్లు మిషను, డజను గాజులు

ఆళ్ళగడ్డలో హరీష్ ఇంటి వెనక ఒక ఎద్దుల కొట్టం ఉంది. ట్రాక్టరు కొన్నాక ఎద్దులు పోయాయి, కొట్టం మిగిలింది. పదకొండేళ్ళుగా అందులో విరిగిన మంచాలూ, పనికిరాని డ్రిప్పు పైపులూ పడి ఉన్నాయి. హరీష్ భార్యగా వినీత ఆ ఇంటికొచ్చి కూడా పదకొండేళ్ళే.

వినీతది బండి ఆత్మకూరు. నంద్యాలలో మెకానికల్ డిప్లొమా చదివింది. పెళ్ళిచూపుల్లో ఆ చదువు బాగానే పనికొచ్చింది, పెళ్ళయ్యాక మాత్రం దాని ఊసెత్తినవాళ్ళు లేరు. నంద్యాలలో రెండుసార్లు ఉద్యోగం దొరికింది. రెండుసార్లూ హరీష్ ఒకే మాట అన్నాడు. "మన ఇంటి ఆడోళ్ళు జీతానికి పోయిందెప్పుడు?" కోపంగా కూడా అనలేదు, బయట వాన పడుతోందన్నట్టు అన్నాడు. అలాంటి మనిషితో పోట్లాడటం మరీ కష్టం.

తను బయటికి పోలేకపోతే పనినే లోపలికి రప్పించుకుందామనుకుంది. బస్టాండు పక్కన వెల్డింగు షాపు నడిపే జాన్‌కు ట్రాక్టరు గొర్రులకు బిగించే ఇనుప పట్టీలుంటాయి. వాటికి చేతి డ్రిల్లుతో బెజ్జం వేస్తే అది కాస్త వంకర పోతుంది, బోల్టు దిగదు. బల్లకు బిగించుకునే నిలువు డ్రిల్లు మిషను ఉంటే ఆ తంటా లేదు, పట్టీలు ఇంటికే తెప్పించుకుని కూలికి బెజ్జాలు వేసివ్వొచ్చు. నంద్యాలలో పాత మిషన్లు అమ్మేచోట అలాంటిది ఒకటి చవకలో దొరికితే హరీషే ఆటోలో వేసుకొచ్చాడు. "ఇంట్లోనే గదా, చేసుకో" అన్నాడు.

వినీత కొట్టం ఊడ్చింది. ఎద్దులు మేత మేసిన రాతి గాడి మీద పాత తలుపు చెక్కను పరిచి, దానిమీద మిషను నిలబెట్టి బోల్టులు బిగించింది. గాడి ఇంచు కూడా కదలలేదు. స్విచ్చు కుడిచేతికి అందేలా పెట్టుకుంది, బల్బు నీడ పనిమీద పడకుండా చూసుకుంది. మొదటి పట్టీలోంచి ఇనుప పొట్టు చుట్టలు తిరుగుతూ పైకి లేచినప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

హరీష్ తల్లి పద్మమ్మ చప్పుడుకు ఒప్పుకుంది, నూనె మరకలకు ఒప్పుకుంది. ఒక్కదానికే ఒప్పుకోలేదు.

"గాజులు మాత్రం తీయొద్దు మ్మే."

తిరిగే మిషను దగ్గర చేతికి ఏమీ ఉండకూడదు. డిప్లొమాలో నేర్పిన మొదటి పాఠమే అది. పెళ్ళికాని రోజుల్లో వినీత గాజులు తీసి పనిముట్ల పెట్టెలో పడేసేది, ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళయిన చేతి సంగతి వేరు. ఆరేళ్ళ కిందట మామ పోయినప్పుడు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని పద్మమ్మ మట్టిగాజులు పగలగొట్టారు. ఆ చప్పుడు ఇంకా ఆమె చెవిలోనే ఉంది. కోడలు ఒకసారి గాజులు తీసి మేకుకు తగిలించి పని చేస్తుంటే చూసి, ఆ పూట అన్నం ముట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, కొట్టం గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ ఉండిపోయింది. ఆ రోజు నుంచి మిషను నడిచినంతసేపూ గుమ్మంలో చేట ఉండేది, చేట వెనక పద్మమ్మ ఉండేది.

చదువుకున్న వినీత చదువు మరిచి ఒక పిచ్చిపని చేసింది. గాజులను మోచేతి దాకా ఎగదోసి, పాత రవిక గుడ్డ పీలికతో కట్టేసుకుంది. దేవుడికీ కోపం రాకుండా, మిషనుకూ కోపం రాకుండా సర్దానని అనుకుంది. ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదో రోజు పట్టీని సరిచేయబోతే పీలిక కొస డ్రిల్లు ముల్లును పట్టి తిప్పే చక్‌కు చుట్టుకుంది. ఎడమచెయ్యి సర్రున మిషను మీదికి పోయింది. ఆ చేతి గాజులన్నీ ఒక్కసారి పగిలాయి. మోటారు బెల్టు వదులుగా ఉంది కాబట్టి జారింది, కుడిచెయ్యి స్విచ్చును అందుకుంది. లేకపోతే ఆ చెయ్యి చెయ్యిగా మిగిలేది కాదు.

అప్పటికే పద్మమ్మ లోపలికొచ్చేసింది. నెత్తురును చూడలేదు, నేలమీద గాజు ముక్కలను చూసింది. "మావాడు యాడున్నాడు? హరీషు యాడ?" అంటూ పొలంలో ఉన్న కొడుకుకు ఫోను చేసి, గొంతు విన్నాకే కోడలి చేతికి గుడ్డ చుట్టింది.

మణికట్టుకు ఐదు కుట్లు పడ్డాయి. కుట్లు ఆరకముందే రెండు చేతులకూ డజను కొత్త గాజులు ఎక్కాయి. హరీష్ నిజంగానే భయపడ్డాడు. "ఇంగ చాలు. అమ్మేద్దాం దీన్ని" అన్నాడు.  ఆ మిషను పోతే తనకు ఆ ఇంట్లో వంటింటి గోడలు తప్ప ఏమీ మిగలవని వినీతకు తెలుసు.

నాలుగో రోజు జాన్ గేటు దగ్గర బండి ఆపాడు. "అక్కా, నలభై పట్టీలు ఆగిపోయినాయి. రైతులు అడుగుతాండారు. లేదంటే చెప్పు, ఎనక్కి తీసకపోతా."

వినీత తల దించుకుంది. జవాబు గుమ్మంలోంచి వచ్చింది. "రేపు రా అప్పా. అయిపోతాయి."

జాన్ పోయాక పద్మమ్మ చేట పక్కన పెట్టి, కొంగు బిగించి నడుముకు దోపింది. కొట్టంలోకి పోయి మిషను ముందు నిలబడి రెండు చేతులూ చాపింది. మోచేతి దాకా బోసిగా ఉన్నాయి.

"ఈటికి తగులుకునేదేమీ ల్యా. యాడ పట్టుకోవల్లో చూపీ."

వినీత ఆమె చేతిని లివరు మీద పెట్టి చూపింది. కొలత తనది, గుర్తు తనది, పట్టీ కదలకుండా వైసులో బిగించడం తనది. మిషను తిరిగేటప్పుడు మాత్రం తను రెండడుగులు వెనక్కి నిలబడాలి. లివరు లాగేది పద్మమ్మ. బోరింగు కొట్టి కొట్టి అలవాటైన చేతులు, తొందరపడవు. నలభై పట్టీలూ మర్నాటికి అయిపోయాయి.

హరీష్ చూసి, "మాయమ్మకు పొద్దు పోతాది" అన్నాడు. మిషను అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. పెద్దమ్మ వేస్తే బోల్టు గమ్మున దిగుతుందని జాన్ ఊరంతా చెప్పాడు. ఆరేళ్ళుగా ఏ పేరంటానికీ పిలుపు లేని పద్మమ్మను అడుగుతూ ఇప్పుడు గేటు దాకా మనుషులొస్తున్నారు. ఆమె మొహంలో వెలుగు చూస్తే వినీతకు సంతోషమే. కుళ్ళు కూడా పుట్టేది, పుట్టినందుకు సిగ్గేసేది.

గాయం మానిన వారానికి ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"అత్తా, ఒక్కటంటే ఒక్కటి నేను వేస్తా. గాజులు తీసి, మళ్ళా ఏసుకుంటా."

పద్మమ్మ స్విచ్చు ఆపింది. ఇనుప పొట్టు అంటిన వేళ్ళతో కోడలి చేతులు పట్టుకుని, కొత్త గాజులను ఒక్కొక్కటిగా తడిమింది.

"నువ్వు బోసిచేతుల్తో ఈడ నిలబడే రోజు రాకూడదనే మ్మే, నేను పొద్దన్నే లేసి అహోబిలం సామికి మొక్కుకుంటాండేది."

ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. అందుకే వినీత దానికి ఎదురు చెప్పలేకపోయింది. తరవాతి పట్టీ మీద గుర్తు పెట్టి, వైసులో బిగించి, గాజులు గలగలమంటుండగా రెండడుగులు వెనక్కి జరిగింది.