పక్కింటి పిండి కుండ

నగలు చూసి కుళ్లుకున్నదాన్ని కాదు, చీరలు చూసి కుళ్లుకున్నదాన్నీ కాదు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నది ఒక మట్టికుండను చూసి. అది పక్కింటావిడ రాగిపిండి కుండ.

ఎనభైల మొదట్లో వానలు వరుసగా ముఖం చాటేశాయి. కలకడ దగ్గర మా చేను బీడుపడింది, బావి అడుగు కనబడింది. మా ఆయన కుప్పం వైపు రాళ్లు కొట్టే పనికి వెళ్లాడు. నేను ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని పుంగనూరు వచ్చి, ఒక షావుకారు చెనక్కాయల గోదాము వెనక వరుసగా కట్టిన గదుల్లో ఒకదాంట్లో చేరాను. గోదాములో కాయలు ఒలిచే పని. పక్క గది ఆవిడదీ అదే పని. భర్త పోయిన మనిషి, కూతురు ఒక్కతే, ఆదివారం తప్పకుండా ప్రార్థనకు వెళ్లేది. మా ఊళ్లో అయితే వాళ్ల ఇళ్లు ఊరి బయట ఉంటాయి. ఇక్కడ మా రెండు గదులకూ మధ్య ఒకటే గోడ. వయసులో పెద్దది కాబట్టి నేను అక్కా అనేదాన్ని. ఆమె మాత్రం కులం చూసి నన్ను అమ్మా అనేది.

ఇద్దరిదీ ఒకే పని, ఒకే కూలి. పైగా నాకు కుప్పం నుంచి అప్పుడప్పుడు మనియార్డరు వచ్చేది. అయినా వారం తిరక్కుండా నా పిండి కుండ అడుగంటేది. ఆమె పొయ్యి మాత్రం ఏ సాయంత్రమూ ఆరలేదు. గోడ అవతల సంగటి కెలికే చప్పుడు వినబడితే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు నిప్పు అడగడానికి వెళ్తే, ఆమె కుండ మూత మీది రాయి పక్కన పెట్టి, ముందుగా ఒక పిడికెడు పిండి తీసి రేకు డబ్బాలో పోస్తోంది.

"అదెందుకక్కా పక్కకు తీస్తాండావు?"

"దేవునికమ్మా. ముందు ఆయనకు తీసినాకే మాకు."

పొయ్యి ఊదుతూ కథ చెప్పింది. ఏలీయా అని ఒక ప్రవక్త ఉండేవాడట. ఆయన కాలంలోనూ ఇలాగే ఏళ్ల తరబడి వాన లేదట. దేవుడు ఆయనను ఒక వాగు పక్కన దాచి, పొద్దునా సాయంత్రమూ కాకులతో తిండి పంపించాడట. వాగు ఎండిపోయాక ఒక విధవరాలి ఇంటికి పొమ్మన్నాడట. ఆమె దగ్గర ఉన్నది పిడికెడు పిండి. అది కాల్చుకుని తిని, కొడుకుతో సహా చచ్చిపోదామని పుల్లలు ఏరుకుంటోందట. ముందు నాకొక రొట్టె చేసిపెట్టు అన్నాడు ప్రవక్త. చేసిపెట్టింది. మళ్లీ వానలు పడేదాకా ఆమె పిండి తరగలేదట. ఆయన శిష్యుడి కాలంలో ఇంకో విధవరాలికి నూనె కూడా అలాగే వచ్చిందట.

విని నేను చేతులు జోడించలేదు. కడుపు రగిలిపోయింది. వీళ్ల దేవుడికి విధవరాళ్లంటేనే దయ కాబోలు, మొగుడున్న నేనేం పాపం చేశాను? కాకుల సంగతి మరీ అన్యాయంగా తోచింది. పెద్దలు కాకి రూపంలో వస్తారని మా ఇంట్లో తరతరాలుగా కాకికి పెట్టందే ఎవరూ ముద్ద ముట్టలేదు. మా చేతి మెతుకులు మరిగిన ఆ కాకులు పోయి పోయి ఎవరి ప్రవక్తకో మోశాయా!

మర్నాటి నుంచి నేనూ పిడికెడు పక్కకు తీయడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. కానీ తీసింది ఇద్దామంటే నాకు ప్రవక్త లేడు. ఆలోచించగా ఆలోచించగా ఒక దారి దొరికింది. ఆయనకు అందించింది కాకులే కదా, వాటికే పెడితే చేరాల్సిన చోటికి చేరుతుంది అనుకున్నాను. రోజూ పెట్టే ముద్ద కాక, ఆ పిండిని తడిపి ఉండలు చేసి గోడ మీద పెట్టేదాన్ని. పుంగనూరు కాకులన్నీ మా గోడ మీదే కాపురం పెట్టాయి. పెట్టి వచ్చి, పెరిగిందేమోనని కుండలోకి తొంగిచూసేదాన్ని.

పెరగలేదు సరికదా, పదిరోజులు కాకుండానే అడుగు గీరాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే కాయలు అయిపోయాయని షావుకారు గోదాముకు తాళం వేశాడు. కుప్పం నుంచి మనియార్డరు రాలేదు. ఆ శనివారం పిల్లలకు గిన్నె అడుగున ఉన్న పలచటి గంజి తాగించి, నేను నీళ్లతో సరిపెట్టుకున్నాను.

ఆ పూటే ఆమె బిందె తీసుకుని నీళ్లకు వెళ్లింది. తలుపు వారగా ఉంది. లోపలికి వెళ్లాను. రాయి తీసి, మూత తీసి చూశాను. కుండ అడుగున రెండు పిడికిళ్ల పిండి, అంతే. పక్కన రేకు డబ్బా మాత్రం నిండుగా ఉంది. నాకు సంతోషం వేసింది. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే, పిల్లల ఆకలి కూడా ఆ క్షణం మరిచిపోయాను. నీకూ నాకు ఇచ్చినంతే ఇచ్చాడు నీ దేవుడు అనుకుంటూ మూత పెట్టేసి వచ్చాను.

ఆదివారం ఆమె డబ్బా పట్టుకుని ప్రార్థనకు వెళ్లింది. మదనపల్లె నుంచి బస్సులో ఒక అయ్యగారు వచ్చి ప్రార్థన చేయించేవాడు. ఇంటింటి పిడికిళ్లూ ఒక గంపలో పోస్తారని తెలుసు. గంప అయ్యగారి ఇంటికే పోతుందని నా అనుమానం. మధ్యాహ్నం ఆమె చేతిలో మూటతో నా గడప ముందు నిలబడింది.

"గంపలో పిండి ఈ వారం ఎవురికి ఇయ్యాలని అడిగినారమ్మా. మా పక్కింట్లో ఇద్దరు బిడ్డలు ఉండారని సెప్పినా. పచ్చిపిండే, మేము వండింది కాదు. మీ ఆచారానికేం అడ్డం లేదు, తీసుకోండి."

"నీ కుండలో రెండు పిడికిళ్లే కదక్కా ఉండేది!" నోరు జారింది.

ఆమె నవ్వింది. "మీరు సూసినారని తెలుసమ్మా. మూత మీద రాయి పెట్టకుండా వచ్చేసినారు."

తలెత్తలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోతూ కూడా కుళ్లుకున్నాను. అంత లేమిలోనూ ఇచ్చేది ఆమె, పుచ్చుకునేది నేను.

మూట తీసుకుని సంగటి కెలికాను. అలవాటు కొద్దీ కాకికి ముద్ద తుంచబోయి ఆగాను. మొదటి ముద్దను గిన్నెలో పెట్టుకుని పక్క గదికి వెళ్లాను. ఆమె మొహమాటపడకుండా అందుకుంది. నా వెనకే పిల్లలు వచ్చారు. ఆమె చెయ్యి కడుక్కుని, ఆ ముద్దను తుంచి, తను నూరుకున్న చెనక్కాయల ఊరిబిండిలో అద్ది, తన కూతురికి ఒకటి, నా పిల్లలకు ఒక్కొక్కటి నోట్లో పెట్టింది. ఆ ఇంట్లో ఏదీ ముట్టకూడదని వాళ్లకు నేర్పింది నేనే. వాళ్లు నా వైపు చూడనైనా చూడలేదు. నేనూ ఆపలేదు.

"మీరూ ఒక ముద్ద తినండమ్మా" అని ఆమె చెయ్యి చాపింది.

నిన్నటి నుంచి నా కడుపులో నీళ్లు తప్ప ఏమీ లేవు. "నేను తిన్నానక్కా" అన్నాను.

అని, గడప బయటే నిలబడ్డాను. పిల్లలు నోళ్లు తెరిచి ఆమె చేతికోసం తోసుకుంటున్నారు. ఆవేళ నాకు ఆమె మీద అసూయ లేదు, ఆ కుండ మీదా లేదు. కన్నబిడ్డలను చూసి కుళ్లుకున్నాను.