ఎర్ర డబ్బాలో తగ్గిన స్క్రూ

రియో క్లారో ఊళ్లో రైల్వే వర్క్‌షాపు మూతపడ్డాక లేతు మిషను మీద బతికినవాళ్లంతా ఏమైపోయారని ఎవరైనా అడిగితే, మనుషుల ఒంట్లోకి వెళ్లారని చెప్పాలి. హాస్యానికి అంటున్న మాట కాదిది. నిన్నటిదాకా రైలు ఇంజన్లకు ముక్కలు తిప్పిన చేతులే అరిగిన తుంటికి కీళ్లు, వంగిన వెన్నుకు కడ్డీలు, ఆ కడ్డీలను ఎముకకు బిగించే చిటికెనవేలంత స్క్రూలు చెయ్యడం మొదలుపెట్టాయి.

జుల్మీరా బొర్తొలిన్ తండ్రి ఆర్లిందో అలాంటి టర్నరే. కొత్త పనిలో దిగిన మొదటి ముక్కను ఆయన జేబులో వేసుకుపోయి, వీలు చిక్కినప్పుడు అపరెసీదా పుణ్యక్షేత్రంలో తల్లి గుడికి మొక్కుగా ఇచ్చి వచ్చేవాడు. వర్క్‌షాపులో అందరిదీ అదే అలవాటు. దాన్ని దొంగతనం అన్నవాడు లేడు. అనాల్సిన ఫోర్‌మన్ కూడా తన కుర్రతనంలో అలాగే ఇచ్చినవాడాయె! "తల్లికి ఇవ్వని పని అచ్చిరాదే," అనేవాడు ఆర్లిందో కూతురితో. జుల్మీరా ఆ మాట వింటూ పెరిగింది.

ఆమె కూడా ఆ పనిలోకే వచ్చింది. లేతు మీద కాదు, మైక్రోస్కోపు ముందు. ఊరి చివరి ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లు, తలకు టోపీ, మూతికి గుడ్డ కట్టుకుని, ఒక్కో స్క్రూని పట్టుకారుతో తిప్పి చూడటమే ఆమె ఉద్యోగం. మర అంచున వెంట్రుకవాసి పొట్టు లేచినా, మిల్లీమీటరులో నూరో వంతు గీత పడినా, అది వెళ్లాల్సింది పక్కనున్న ఎర్ర డబ్బాలోకే. ఆమె కన్ను దాటి చెడ్డ స్క్రూ బయటికి పోయిందన్న మాట పందొమ్మిదేళ్లలో ఒక్కరూ అనలేదు.

అలాంటి కన్ను ఇంట్లో ఏం చేసిందో చూడండి. కూతురు తైనారాకి పదకొండో ఏడు నిండేసరికి కుడి భుజం పైకి లేచింది. రోజూ జడ వేసే తల్లికి కనిపించలేదు. పక్కింటి కుట్టుపని క్లెయూజా స్కూలు చొక్కా సరిచేస్తూ కనిపెట్టింది.

"జుల్మీరా, నా కత్తెర వంకరా, నీ పిల్ల వంకరా?" అంది టేపు మెళ్లో వేసుకుని. "ఎటు కుట్టినా ఈ అంచు ఒక పక్కకే వేలాడుతోందే!"

జుల్మీరా నవ్వబోయి, చొక్కా పైకెత్తి చూసింది. వెన్ను బొమ్మ గీసినట్టు పక్కకు తిరిగి ఉంది.

డాక్టర్లు చెప్పింది చెప్పారు. ఎదిగేకొద్దీ వంపూ ఎదుగుతుంది. వెన్నుకు రెండు పక్కలా స్క్రూలు దించి, కడ్డీలు బిగించి నిలబెట్టాలి. ఆలస్యమైతే పక్కటెముకలు ఊపిరితిత్తుల మీద పడతాయి. కాంపీనాస్‌లోని సర్కారు ఆసుపత్రిలో పైసా ఖర్చు లేకుండా చేస్తారు, కాకపోతే వరసలో ఆగాలి. ఆగారు. రెండున్నరేళ్లు ఆగారు. ఆ పిల్ల తండ్రి లారీ తోలుతూ తోలుతూ దూరాన మాతోగ్రోస్సో రాష్ట్రంలో ఇంకో సంసారం పెట్టుకున్నాడు, అతన్ని లెక్కలో వెయ్యక్కర్లేదు. ఉన్నది తల్లీ కూతుళ్లే. యాభై ఎనిమిది డిగ్రీల వంపు డెబ్బై ఒకటి అయ్యాక ఉత్తరం వచ్చింది. జూన్ పద్దెనిమిది, ఆపరేషన్.

"అమ్మా, అయ్యాక నేను నీకంటే పొడుగవుతానా?" అని అడిగింది తైనారా.

"నాకంటే పొడుగవడం ఏమంత గొప్పలే. క్లెయూజా పిన్నిని దాటు, అప్పుడు చూద్దాం."

మే నెలలో ఆసుపత్రి నుంచి ఫ్యాక్టరీకి ఆర్డరు వచ్చింది. పిల్లల సైజు స్క్రూలు, సన్నరకం. ఏడాదికి ఒకటో రెండో లాట్లు తీసే సైజు అది. ఫోర్‌మన్ ఎడ్వాల్దో కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"జుల్మీరక్కా, తేదీ చూశావా? పద్దెనిమిదికి ముందే అందాలట. మీ పిల్లవి ఇందులోనే ఉన్నాయి. ఆ సైజు చూడ్డానికి సర్టిఫికెట్ ఉన్నది నీకొక్కదానికే. తల్లి చూసిన స్క్రూలే బిడ్డ వీపులోకి! ఇంక నీకు దిగులేంటి?"

మూడొందల స్క్రూలు. ఒక్కోదాన్ని ఆమె రెండేసిసార్లు చూసింది. రెండొందల ఎనభై ఎనిమిది మంచివి. పన్నెండు ఎర్ర డబ్బాలోకి వెళ్లాయి. ఆ పన్నెండులో చివరిది చేతిలో ఉన్నప్పుడు తండ్రి గుర్తొచ్చాడు. మూడో మర మీద సన్నని గీత, అంతే దాని తప్పు. తన బిడ్డ వెన్నులో దిగబోయే స్క్రూలు ఏ కడ్డీ నుంచి పుట్టాయో ఇదీ ఆ కడ్డీ నుంచే పుట్టింది. తోబుట్టువన్న మాట. మంచిదాన్ని తియ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు, అది ఇంకో పిల్లకి కావాలి. ఇది ఎలాగూ నుజ్జయ్యేదే కదా! టోపీ మడతలో దోపుకుంది.

దొంగబుద్ధి కాదండీ అది. అప్పటిదాకా ఎర్ర డబ్బాను తూకం వేసి నుజ్జుకు పంపేవారు, ఒకటి తగ్గినా తూకంలో తేలదు. లెక్కపెట్టి అప్పగించాలని ఆ నెలలోనే కొత్త రూలు వచ్చింది. కాగితం బోర్డుకు అంటించారు. అందరితో పాటు జుల్మీరా కూడా కింద సంతకం పెట్టింది. చదవలేదు. ఆ వారమంతా ఆమె చదివిన కాగితం ఒక్కటే, ఆసుపత్రి ఉత్తరం.

శనివారం మధ్యాహ్నం క్లెయూజాని పిలిచి పిల్ల ఎత్తు కొలవమంది. అపరెసీదాలో మనిషి ఎత్తు కొవ్వొత్తి వెలిగిస్తారు, ఎవరి కోసమైతే వాళ్లంత ఎత్తుది.

"వంకర ఉంచి కొలవనా, తీసి కొలవనా?" అంది క్లెయూజా.

"తీసే కొలువు. నిలబడ్డాక ఎంతుంటుందో అంత."

క్లెయూజా టేపును వీపు మీద వంపు వెంట తిప్పితిప్పి తెచ్చింది. తైనారాకు చక్కిలిగింతలు పుట్టి నవ్వుతూనే ఉంది. క్లెయూజా పిల్లను బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, "మీటరు అరవై నాలుగు," అంది. "కోరిక తీరాక కదే ముడుపు చెల్లించేది? పని కాకముందే కూలి చేతిలో పెడితే ఏ మేస్త్రీ అయినా పన్లోకి వస్తాడటే?"

"మేస్త్రీ వేరు, అపరెసీదా తల్లి వేరు. నాకు ఆగే ఓపిక లేదు క్లెయూజా."

ఆదివారం యాత్రికుల బస్సులో వెళ్లింది. ఆరడుగుల దాకా రకరకాల ఎత్తుల్లో ఉన్న కొవ్వొత్తుల వరసలోంచి మీటరు అరవై నాలుగుది ఏరించుకుని వెలిగించింది. మైనం చేతులు, మైనం కాళ్లు, ఊతకర్రలు, పెళ్లిగౌన్లు గుట్టలుగా పడి ఉన్న మొక్కుల గదిలో, ముడుపులు తీసుకునే కిటికీ దగ్గర ఆ స్క్రూను చిన్న నీలం గుడ్డలో చుట్టి ఇచ్చింది. పేరు రాయమంటే రాయలేదు. పిల్లకు నయమయ్యాక వచ్చి రాస్తానంది. తిరుగు ప్రయాణంలో ఒళ్లు తేలికపడి, బస్సులో అందరికీ మొక్కజొన్న కేకు పంచింది.

సోమవారం లెక్కపెట్టారు. రెండొందల ఎనభై ఎనిమిది. ఎర్ర డబ్బాలో పదకొండు.

ఎడ్వాల్దో మూడుసార్లు లెక్కపెట్టాడు. బల్లల కింద టార్చి వేసి వెతికించాడు. జుల్మీరా కూడా మోకాళ్ల మీద వంగి వెతికింది, లేనిదాన్ని. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఉద్యోగం పోతే పిల్లను ఆపరేషన్ తర్వాత ఎలా సాకాలి? ఒక్క స్క్రూ, అదీ చెడ్డది, రెండ్రోజుల్లో మర్చిపోతారులే అనుకుంది. మర్చిపోలేదు. బుధవారం ఉదయం లాటు మీద పసుపు పట్టీ చుట్టారు.

"ఎందుకు ఆపారు?" అంది.

"ఆపక? చెడ్డది మంచివాటిలో కలిసి, పోయింది మంచిదేమోనని. లోపమున్న స్క్రూ ఏ పసిదాని వెన్నులోకో ఎక్కి, అక్కడ పుటుక్కుమంటే ఎవరు జవాబుదారీ?"

"మళ్లీ చూస్తాను. ఒక్కోటీ చూస్తాను. ఇవాళే మొదలుపెడతా."

"నీ లెక్కే కదక్కా తప్పింది! నీ కన్ను మీదే కదా అనుమానం. నిన్నే మళ్లీ ఎలా చూడమంటాను?"

అప్పుడు చెప్పేసింది. తండ్రి సంగతి, గుడి సంగతి, టోపీ మడత, నీలం గుడ్డ, అంతా. ఎడ్వాల్దో కూడా రైల్వే టర్నరు కొడుకే.

"నేను నమ్ముతున్నానక్కా. మా నాన్న కూడా ఇచ్చాడు. కానీ నా నమ్మకం కాగితం మీద రాయలేనే! ఆ స్క్రూ తెచ్చి నా చేతిలో పెట్టు. దాని తల మీద ఈ లాటు నంబరు ఉంటుంది. పెట్టిన నిమిషంలో పట్టీ తెంపేస్తా, ఎలా దొరికిందని కూడా అడగను. శుక్రవారం దాకా ఆపగలను. ఆ తర్వాత అంతా మిషన్లో నుజ్జే."

గురువారం తెల్లారగానే బస్సెక్కింది. ఐదు గంటల ప్రయాణం. ఇచ్చిన దాన్ని తిరిగి అడగడానికి దేవుడి ముందుకు పోవడమంటే ఎలా ఉంటుందో పగవాడికి కూడా తెలియకూడదు. కిటికీలో ఉన్న ముసలామె చెడ్డది కాదు. లోపలికి తీసుకెళ్లి చూపించింది. గోడ వెంట గోతాలు, కట్టిన మూటలు, అట్టపెట్టెలు.

"ఆదివారం ఒక్కరోజువే ఇవి. వేరు చెయ్యడానికి నెలలు పడుతుంది బిడ్డా. చిటికెనవేలంత అంటున్నావు. ఎక్కడని వెతకను?"

"నేను వెతుక్కుంటానమ్మా. మీరు కూర్చోండి."

సాయంత్రం తలుపులు వేసేదాకా వెతికింది. మైనం గుండెలు, పాలపళ్లు, తాళంచేతులు, ఎవరివో జడలు. అన్నీ నయమైనవాళ్లవి. అక్కడే కూర్చుని జుల్మీరా నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది. ముసలామె వీపు నిమిరింది, దేనికో పాపం ఆమెకు తెలియదు.

శుక్రవారం రెండొందల ఎనభై ఎనిమిది మంచి స్క్రూలు నుజ్జయ్యాయి. సన్నరకం టైటానియం కడ్డీ మళ్లీ బయటి దేశం నుంచి రావాలి. జూన్ పద్దెనిమిది దాటిపోయింది. ఆసుపత్రివాళ్లు మార్చి నెలకు తేదీ ఇచ్చారు. అక్కడ చలికాలమైన ఆగస్టులో పిల్లకు నిమోనియా పట్టుకుంది. ఇరవై రెండు రోజులు ముక్కుకు గొట్టంతో పడుకుంది. మార్చిలో వెళ్తే డాక్టరు ఊదించి చూసి, ఎక్స్‌రే ఫిల్ములు వెలుగుకు పెట్టి చూసి, కుర్చీ తల్లి వైపు జరుపుకున్నాడు.

"ఊపిరి సగం కూడా లేదమ్మా. మత్తు ఇస్తే మళ్లీ లేస్తుందని నేను చెప్పలేను. జూన్‌లో అయితే చేసేవాణ్ణి."

జూన్‌లో అయితే. ఆ మాట జుల్మీరాతో పాటే ఉంది, అన్నం దగ్గర, బస్సులో, మైక్రోస్కోపు ముందు. ఎడ్వాల్దో ఎవరికీ చెప్పలేదు, రిటైరై వెళ్లిపోయాడు. స్క్రూలు సమయానికి అందలేదట అన్నంతవరకే తైనారాకు తెలుసు. ఎందుకు అందలేదో తల్లి చెప్పలేదు. చెప్పాలని ఎన్నిసార్లో పక్కన కూర్చుంది. పిల్ల ఏదో జోకు వేసేది, ఈమె లేచి వెళ్లి గిన్నెలు కడిగేది.

ఎందుకంటే తైనారా మాటకారి. ఇప్పుడు ఇరవయ్యొకటి, గ్యాస్ డిపోలో ఫోను ఎత్తే పని. రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకుంటుంది. "నా ఊపిరి విని నేను వాళ్ల మీద మనసుపడ్డానని సగం ఊరు అనుకుంటోందే అమ్మా," అని నవ్వుతుంది. నవ్వాక దగ్గుతుంది. ఎత్తు మీటరు నలభై ఆరు. ఏడాదికేడాది తగ్గుతోంది.

ఈ అక్టోబరులో అపరెసీదా చూడాలని పట్టుబట్టింది తైనారానే. వద్దనడానికి జుల్మీరా నూటొక్క సాకులు చెప్పింది. బస్సులో అలసిపోతావంది, జనం తొక్కిసలాట అంది. "నేనేమన్నా పంచదార బొమ్మనా? నువ్వు ఒక్కదానివే వెళ్లొచ్చావు, నాకు చూడాలని ఉండదా?" అంది కూతురు. వెళ్లారు.

మొక్కుల గదిలో తైనారా మెల్లగా, అద్దాల బీరువాలు పట్టుకుంటూ నడిచింది. మూడో బీరువా దగ్గర ఆగిపోయింది.

"అమ్మా! ఇటు రా. ఇది మీ ఫ్యాక్టరీ స్క్రూ కదూ?"

పైఅరలో, మైనం చేతికీ పిల్లాడి బూటుకీ మధ్య, చిన్న నీలం గుడ్డ మీద ఉంది. కింద చీటీ మీద పేరు లేదు. జుల్మీరా అంత దూరం నుంచి కూడా చూడగలిగింది, మూడో మర మీది గీత. బీరువా అంచు పట్టుకుంది.

"ఇంత చిన్నవా? నా వీపులో పెట్టాల్సినవి ఇవేనా?"

"ఇవే తల్లీ."

తైనారా అద్దం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు చూసింది. "ఎవరికో నయమైందన్న మాట. తీయించుకుని తెచ్చిచ్చుంటారు. పోనీలే అమ్మా, మన ఊరి స్క్రూతో ఎవరో ఒకరు నిటారుగా తిరుగుతున్నారు." ఆగి, ఊపిరి తీసుకుంది. "వాళ్ల పేరున ఒక కొవ్వొత్తి వెలిగిద్దాం. వాళ్లు చల్లగా ఉండాలి."

కొవ్వొత్తుల కొట్టు దగ్గర కుర్రవాడు వరస చూపించాడు. "ఎంత ఎత్తుది కావాలి?"

"అదే తెలీదు," అంది తైనారా. "ఎవరో ఏమో. పొడుగ్గానే ఉండుంటారు."

"మీటరు అరవై నాలుగు," అంది జుల్మీరా.

తైనారా తల ఎత్తి తల్లి ముఖం చూడటానికి ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది. "నీకెలా తెలుసు?"

"ఊరికే. అంచనా," అని జుల్మీరా పర్సులో చెయ్యి పెట్టింది. కొవ్వొత్తి కూతురి కంటే జానెడు ఎత్తుంది. తైనారాకు పైదాకా చెయ్యి అందలేదు, జుల్మీరాయే వెలిగించింది.