ప్రధానం విందుకు కోడితో వచ్చిన సీత

1986 నవంబరు 3న, కిరందుల్ గనుల టౌన్‌షిప్ పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్న నాకు అదనంగా ఒక పని అప్పగించారు. ఆసుపత్రిలో రిసెప్షన్ అటెండెంటు పోస్టు ఖాళీ అయింది. దాన్ని డిపార్ట్‌మెంటల్ సెలక్షన్ ద్వారా, అంటే బయట ప్రకటన ఇవ్వకుండా లోపల పనిచేస్తున్నవారితోనే నింపుతారు. అభ్యర్థులు ఐదుగురు. ఇంటర్వ్యూ జనవరి 12న. అంతవరకు వారానికి మూడు సాయంత్రాలు వాళ్ళకు ఇంగ్లీషులో మాట్లాడడం నేర్పాలి.

ఐదుగురిలో మడకం సీత ఒక్కతే మస్టర్ రోల్ మనిషి, అంటే రోజుకూలీ. మార్చి 31న అలాంటివాళ్ళ పేర్లు కొట్టేసి, అవసరమైతే ఏప్రిల్‌లో మళ్ళీ రాసేవారు. ఎర్రబోరు దగ్గరి పల్లె నుంచి వచ్చి మూడేళ్ళుగా వార్డులో ఆయాగా చేస్తోంది. ఈసారి ఆయాలను తగ్గిస్తామని ముందే చెప్పేశారు. ఈ పోస్టు రాకపోతే ఆమె ఇంటికి పోవలసిందే. తెలుగు, గోండి, హల్బీ, హిందీ ఒకదాని వెంట ఒకటి మాట్లాడగలదు. ఇంగ్లీషు ఐదోది.

‘ఈమధ్య మీరు హాజరైన వేడుక గురించి చెప్పండి’ అని ఇంటర్వ్యూ బోర్డు తప్పక అడుగుతుంది. మనవాళ్ళు తడబడేది అందులోని చిన్న మాటల దగ్గరే. తెలుగులో ‘పెళ్ళికి వెళ్ళాను’, ‘పెళ్ళిలో కలిశాను’ అన్నప్పుడు విభక్తి మాట చివర అతుక్కుంటుంది. ఇంగ్లీషులో అది మాటకు ముందు నిలబడుతుంది. వెళ్ళడానికి ‘టు’, అక్కడ ఉన్నప్పుడు ‘ఎట్’, రోజుకు ‘ఆన్’, నెలకు ‘ఇన్’. ఉదాహరణకు డాక్టరు గారింట్లో పుట్టినరోజు పార్టీ తీసుకున్నాను. ‘ఐ వెంట్ టు ద పార్టీ’, ‘ఐ మెట్ హర్ ఎట్ ద పార్టీ’.

సీత రాతలో ఒక్క తప్పూ చేసేది కాదు. లేచి చెప్పమంటే మాత్రం నోరు విప్పదు. రెండు వారాలు చూసి కారణం అడిగాను.

“నేను పోలే గద టీచరమ్మా.”

ఇది అభ్యాసమేననీ, పోయినట్టు చెప్పాలనీ అన్నాను.

“గట్లెట్ల చెప్తరు? ఒకలింట్ల తిన్ననంటే, రేపు మా ఇంట్ల పండుగైతే ఆళ్ళను పిలవాలె. డాక్టరు సారు బోర్డుల కూసుంటడాయె. నీకు నేనెప్పుడు పెట్టిన్నే అంటే ఏంది జెప్పుడు?”

ఐదుగురిలో ఒకడైన వార్డుబాయ్ అప్పారావు నవ్వాడు. “అబద్ధం తెలుగులో ఆడితే తప్పు గానీ, ఇంగ్లీషులో లెక్కుండదే.”

“నీ లెక్క నాకొద్దన్నా,” అంది సీత.

వాళ్ళ పల్లెలో ఒక ఇంట్లో తిన్నానని చెప్పడం ఆ ఇంటితో రాకపోకలు ఒప్పుకోవడమే. ఆమెను మార్చే పని నాది కాదు. ఉదాహరణను మార్చడం నా చేతిలో ఉంది.

రైల్వే కాలనీలో గార్డు భార్య మరియమ్మ నాకు తెలిసిన మనిషి, బొబ్బిలి వైపువారు. డిసెంబరు 14 ఆదివారం వాళ్ళమ్మాయి ప్రధానం, అంటే నిశ్చితార్థం. నా విద్యార్థులను తీసుకురావచ్చా అని అడిగాను. “ఐదుగురేటమ్మా, ఊరంతటికీ వండుతున్నాం. తోల్కొచ్చీండి,” అంది.

మేం చేరేసరికి సీత అప్పటికే అక్కడ ఉంది. గుడ్డలో మూటగట్టిన బియ్యం, చంకలో బతికున్న కోడి.

“ఏటే పిల్లా, కోడినట్టుకొచ్చినావు? మా కూర సాలదనుకున్నావేటి?” అంటోంది మరియమ్మ.

“ఉత్త చేతులతోని వస్తే దారిన పొయ్యేటోళ్ళనుకుంటరు పెద్దమ్మా. ఏడ పెట్టాలె?”

“పొయ్యి కాడ పెట్టు. నువ్వూ అక్కడే కూకో, ఉల్లిపాయలున్నాయి.”

ప్రార్థన అయ్యేదాకా సీత ఉల్లిపాయలు తరిగింది. తర్వాత ముసలివాళ్ళను భోజనాల బంతిలో కూర్చోబెట్టింది. మరియమ్మతో పాటు ఆఖరి బంతిలో తిన్నది. మిగతా నలుగురూ మొదటి బంతిలోనే తిని వెళ్ళిపోయారు.

మంగళవారం తరగతిలో సీత ఎవరూ అడగకుండానే లేచి, ఎక్కడికి వెళ్ళిందీ, అక్కడ ఎవరిని చూసిందీ, ఏ రోజు వెళ్ళిందీ ఇంగ్లీషులో చెప్పింది. ‘ఇన్ సండే’ అన్నచోట దిద్దాను.

బోర్డులో ముగ్గురు: పర్సనెల్ ఆఫీసరు, పెద్ద డాక్టరు, మేట్రన్. నేర్పినవారికి గదిలోకి ప్రవేశం లేదు కనుక అక్కడ జరిగింది తర్వాత మేట్రన్ చెప్పగా విన్నదే. అప్పారావుతో సహా ముగ్గురు, బట్టీ పట్టిందే క్షేమమనుకుని, డాక్టరు గారింటి పుట్టినరోజే ఒప్పజెప్పారట. మా ఇంట్లో ఇంతమంది భోంచేశారని నాకే తెలియదు, ఇంతకీ పుట్టినరోజు ఎవరిది అని పెద్ద డాక్టరు అడిగితే ముగ్గురూ ఆగిపోయారట. నాలుగో అతను ప్రధానం గురించే మొదలుపెట్టాడు గానీ, భోజనం దాటి ముందుకు పోలేదట.

సీత మాత్రం కోడితో విందుకు వెళ్ళానని చెప్పింది. కోడి ఎందుకని పర్సనెల్ ఆఫీసరు, అక్కడ నువ్వేం చేశావని డాక్టరు, ముసలివాళ్ళను ఎలా కూర్చోబెట్టావని మేట్రన్, ఇలా ప్రశ్న వెనక ప్రశ్న వేశారు. దేనికీ ఆగలేదు. చిన్న మాటల్లో రెండు తప్పులు దొర్లాయని మేట్రన్ గుర్తుపెట్టుకుని మరీ చెప్పింది.

ఫిబ్రవరి 2న ఉత్తర్వు వచ్చింది. ఆరు నెలల ప్రొబేషన్ మీద ఆ పోస్టు సీతకిచ్చారు.

అప్పటి నుంచి పదవీ విరమణ వరకు నా తరగతిలో వేడుకల పాఠం, అందరం ఒక వేడుకకు వెళ్ళివచ్చాకే మొదలయ్యేది. వెళ్ళినవాళ్ళు తప్పుగా మాట్లాడితే దిద్దవచ్చు. వెళ్ళనివాళ్ళు ఒప్పుగా మాట్లాడినా రెండో ప్రశ్నకు నిలబడలేరు.