మూడు వేల హెర్ట్జ్ దగ్గరి గుట్ట

మా ఆవిడ రేడియో ముందు నుంచి లేచి వెళ్లడం ఎప్పుడు మొదలైందో నేను తేదీతో చెప్పలేను. తేదీ తెలియని సంగతి రాయడం నా పద్ధతి కాదు. అయినా దీన్ని రాయక తప్పడం లేదు.

సాయంత్రం ఇద్దరం హాల్లో కూర్చుని నాటకమో ప్రసంగమో వినడం పెళ్లయిన కొత్తలోనే ఏర్పడిన అలవాటు. ఇప్పుడా కార్యక్రమాలు ఫోనులో వస్తాయి. ఫోనును ఆంప్లిఫయరుకు కలిపి వింటాం. మొదట్లో ఆమె మధ్యమధ్య "ఏమన్నడు?" అని అడిగేది. తరువాత అడగడం మానేసింది. ఆ తరువాత, కార్యక్రమం సగంలో ఉండగానే, ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి నడిచేది. ఒకనాడు వెనకాలే వెళ్లి చూశాను. కడిగి బోర్లించిన గిన్నెలనే మళ్లీ తీసి బోర్లిస్తోంది.

వయసుతో పాటు పై స్థాయిలో సన్నగా పలికే ధ్వనులు వినే శక్తి తగ్గిందని చెవుల డాక్టరు చెప్పాడు. చెవిలో పెట్టుకునే యంత్రం ఇచ్చాడు. దాన్ని ఆమె వారం కూడా ఉంచుకోలేదు. "చెవుల జోరీగ దూరినట్టున్నది. నాకొద్దు" అని డబ్బాలో పెట్టేసింది. నాటకాలు లేకపోయినా బతకవచ్చు. కానీ ఆమె లేచి వెళ్లిన తరువాత పక్కన ఖాళీ కుర్చీ పెట్టుకుని నాటకం వినడం నావల్ల కాలేదు.

నా ఉద్యోగమంతా ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో, కొలతల విభాగంలో గడిచింది. స్పీకర్లు కట్టడం అప్పటి నుంచీ ఉన్న వ్యసనం. ఆమె కోసం ఫుల్‌రేంజ్ స్పీకరు కట్టాలని నిశ్చయించుకున్నాను. అందులో మంద్రానికి ఒకటి, తారానికి ఒకటి అని వేరు కోనులు ఉండవు. ఒకే కాగితపు కోను అన్నింటినీ పలుకుతుంది. మనిషి గొంతు రెండు ముక్కలై రెండు చోట్ల నుంచి రాదు. మాట స్పష్టంగా ఉండాలంటే ఇదే సరైనదని నా లెక్క.

సంతోష్‌నగర్‌లోని మా ఇంటి నుంచి ఆటోలో చార్మినార్ దాకా వెళ్లి, పాత రేడియోల్లోంచి ఊడదీసిన స్పీకర్లు అమ్మే ఒక సందులోకి నడిచాను. దుకాణదారు నాకు పాత పరిచయస్తుడే.

"సాబ్, గీ కొత్తది తీస్కపోండ్రి. బాస్ మస్తుంటది, గోడలు ఊగుతయ్."

"గోడలు ఊగొద్దు భాయ్. మాట వినబడాలె."

ఆరంగుళాల, ఎనిమిది ఓముల స్పీకర్లను ఒక్కొక్కటే తీసి మీటరు పెట్టి చూశాను. కోనును వేళ్లతో నొక్కి, లోపల కాయిలు రాసుకుంటోందేమో చెవి ఆనించి విన్నాను. అతను టీ తెప్పించాడు. టీ అయిపోయినా నా పరీక్ష కాలేదు.

"స్పీకర్ కొంటుండ్రా సాబ్, బిడ్డకు సంబంధం చూస్తుండ్రా?"

"సంబంధమైతే ఇంత సేపు చూడకపోదును."

కొలతలు దగ్గరగా కలిసిన రెండింటిని తెచ్చుకున్నాను. కావలసింది ఒకటే. కానీ ఏ పరికరాన్ని సరిచేసినా, చెయ్యి పెట్టనిది ఇంకొకటి పక్కన ఉంచి పోల్చడం మా విభాగంలో నియమం. ఉద్యోగం ముగిసినా నియమం పోలేదు.

పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో పెట్టె కట్టాను. గల్లీలో ఆటోల చప్పుడు తగ్గే మధ్యాహ్నం పూట మైక్రోఫోను ఎదురుగా పెట్టి కొలిచాను. ఏ స్థాయి ధ్వని ఎంత గట్టిగా వస్తోందో చూపే గీతలో, మూడు వేల హెర్ట్జ్ దగ్గర ఏడు డెసిబెల్స్ ఎత్తున ఒక గుట్ట లేచింది. చవక కాగితపు కోనులకు ఇది మామూలు జబ్బే. గొంతు అరిచినట్టు, గరిటెతో గిన్నె గీకినట్టు వినిపిస్తుంది. మందు కూడా తెలిసిందే. నీళ్లు కలిపిన జిగురును కోను వెనుక పలచగా పూశాను. మధ్యలోని గుండ్రటి మూతను బ్లేడుతో కోసి తీసి, దాని స్థానంలో చెక్కతో చెక్కిన బుడిపె నిలబెట్టాను. ఆరిన తరువాత కొలిస్తే గుట్ట రెండు డెసిబెల్స్‌కు దిగింది. ఇంత సాపు గీత నేను కట్టిన ఏ స్పీకరులోనూ రాలేదు.

ఆ సాయంత్రం ఆమెను పిలిచి కూర్చోబెట్టాను. పెరటి తోటల మీద ఎవరో నిపుణుడి ప్రసంగం వస్తోంది.

"మంచిగున్నది" అంది. నా ముఖం చూసి అన్న మాట అది. కాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్లింది.

నేను పిలవలేదు. పిలిస్తే వస్తుంది, కూర్చుంటుంది, వినదు. ఏం చేయాలో తోచక నియమాన్నే పట్టుకున్నాను. నాలుగు స్క్రూలు విప్పి, చెయ్యి పెట్టని రెండో స్పీకరును అదే పెట్టెలో బిగించాను, తేడా ఎంతో నాకు నేను రుజువు చేసుకుందామని. అదే ప్రసంగం మళ్లీ మొదలుపెట్టాను. నా చెవులకు అది రంపం కోత.

ఆమె చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇప్పుడేం జేసిండ్రు?"

"ఏం చేయలే. ఇది బాగు చేయనిది."

"ఇదే ఉంచుండ్రి. మాట తెలుస్తున్నది."

"గీత చూడు, ఎంత ఎగుడుదిగుడుగా ఉందో."

"గీత మీరు చూస్కోండ్రి. నేను మాట ఇంట."

మాటలోని హల్లులు చాలావరకు ఆ గుట్ట ఉన్న చోటే పలుకుతాయని నాకు తెలియనిది కాదు. ఆమె చెవి పోగొట్టుకున్నదీ అక్కడే. ఆమెకు మిగిలిన ఆ ఆసరాను నేను జిగురు పూసి కొట్టేశాను. కొలిచింది సరిగానే కొలిచాను, కానీ కొలిచింది మైక్రోఫోను చెవితో.

ఆమె కూర్చుంది. ఇప్పుడు కూర్చోలేనివాణ్ని నేనయ్యాను. మూడో సాయంత్రానికి తలనొప్పి పట్టుకుంది. నేను గదిలోకి వెళ్లి పడుకుంటే, ఆమె ఒక్కతే వింటోంది. దీనికా నేను పెట్టె కట్టింది?

దారి చూపింది ఆ స్పీకరులోని ఇంకో లోపమే. ఫుల్‌రేంజ్ కోను పై స్థాయి ధ్వనులను టార్చిలైటులా తిన్నగా ముందుకే వేస్తుంది. పక్కకు జరిగినకొద్దీ అవి తగ్గిపోతాయి. దీనికి విరుగుడుగా స్పీకరును ఎప్పుడూ గది మధ్యకు తిప్పి పెట్టేవాణ్ని, అందరికీ సమానంగా పంచాలని. ఈసారి పంచలేదు. పెట్టెను తిన్నగా ఆమె కుర్చీ వైపు తిప్పాను, ఎత్తు ఆమె చెవికి సరిపోయేలా కింద చెక్క పెట్టాను. నా కుర్చీని గోడ వైపు, నలభై డిగ్రీల పక్కకు జరిపాను. ఆమె చోట కొలిస్తే గుట్ట మొత్తం ఉంది. నా చోట దాదాపు లేదు. నాకు స, శ కొంచెం మొద్దుగా వినిపిస్తాయి. అది నేను ఒప్పుకున్న లోటు.

పెరటి తోటల నిపుణుడు మళ్లీ వచ్చాడు. కాకర తీగకు రోజూ నీళ్లు నిండుగా పోయాలంటున్నాడు.

"రోజు పోస్తే వేరు కుళ్లదా?" అని ఆమె స్పీకరుతోనే అంది. "మా అమ్మగారింట్ల ఎవ్వరు గట్ల పోయలే. ఎవడు పెట్టిండు ఈయన్ని మాట్లాడనీకె?"

నేను కోణం సంగతి వివరించబోయాను.

"ఆగుండ్రి. ఇంకేం అబద్ధాలు చెప్తడో ఇననియ్యుండ్రి."

ఆగాను. ఆయన చాలానే చెప్పాడు. ప్రతిదానికీ ఆమె జవాబు చెప్పింది.