నాగవేణి రాయని కారణం

నాగవేణికి డాక్టరేటు రాలేదు. ఈ సంగతి చివర తెలిసి నొచ్చుకోవడం కన్నా మొదటే తెలిసి ఉండడం మేలని ఇక్కడే చెబుతున్నాను. ఆమె ఆరేళ్ళు చదివి, మూడువందల డెబ్బై పుటలు రాసి, ఇంకొక్క అధ్యాయం మిగిలి ఉండగా ఆగిపోయింది. ఆ పుటలు తిరుచానూరులో వాళ్ళింటి బీరువా మీద, పాత నూలుచీర చుట్టిన మూటలో ఉన్నాయి. ఆమె ఇప్పుడు చిత్తూరు దారిలో ఒక మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నది. డబ్బాలు ఉబ్బాయనీ, రంగు తగ్గిందనీ స్పెయిన్ దేశపు వ్యాపారులు రాసే ఫిర్యాదులకు వాళ్ళ భాషలోనే జవాబులు రాయడం ఆమె ఉద్యోగం. ఆ జవాబులు చదివినవాళ్ళు సరుకు వెనక్కి పంపడం అరుదని అక్కడి మేనేజరు నాతో గర్వంగా చెప్పాడు. వాదనను గురించి ఆమెకు ఎంత తెలుసో పాపం ఆయనకు తెలియదు.

నాగవేణి ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా దగ్గర తెలుగు చదువుకొన్నది. వాక్యం మధ్యలో తప్పు దొరికితే కొట్టివేసి ఊరుకునే పిల్ల కాదు. వాక్యమంతా మళ్ళీ రాసేది. ఇంగ్లీషు ఎం.ఏ. చదవాలని హైదరాబాదు వెళ్ళింది. ఆ సీటు దొరకలేదు. స్పానిష్‌లో ఖాళీలున్నాయన్నారు, చేరింది. ఇంతకు మించిన కారణమేదీ లేదు. అయితే గాలివాటున పడిన విత్తనం గట్టిగా వేళ్ళూనినట్టు, ఆ భాష ఆమెలో నిలిచిపోయింది.

వాళ్ళ నాయన తిరుమలయ్యకు అమ్మవారి గుడివీధిలో పూల అంగడి. పక్క అంగడి ఢిల్లీబాబుది. నాగవేణి చదువు వాళ్ళిద్దరికీ రోజూ ఒక వేడుక.

"ఏమప్పా తిరుమలయ్యా, నీ కూతురు స్పానిష్ సదవతా ఉండాదంట. స్పెయినోళ్ళు దండుగా వచ్చి అమ్మోరికి మాలలేస్తారనా?" అని ఢిల్లీబాబు అనేవాడు.

"రాకుండా పోతారా అప్పా! వస్తే నీ అంగట్లోనే కొనమని నా బిడ్డ సెప్తుంది లే. నీ మల్లెలు నిన్నటివని వాళ్ళకైతే తెలీదు" అనేవాడు తిరుమలయ్య.

తిరుమలయ్య చదువుకోలేదు. మాటలో మాత్రం అతణ్ణి మించినవాణ్ణి నేను చూడలేదు. ఒకరోజు నేను అంగడి దగ్గర ఉండగానే కొండకు వెళ్ళే కుటుంబం ఒకటి ఆగింది. వాళ్ళలో పెద్దామె, "కొండకు పోయే ఆడవాళ్ళు పూలు పెట్టుకోకూడదంట, మాకొద్దులేవయ్యా" అన్నది.

"నిజమే తల్లీ. కొండమీద పూలన్నీ స్వామివే. పెట్టుకుంటే తప్పే. నేను గూడా ఒప్పుకోను" అన్నాడు తిరుమలయ్య, మాల కడుతున్న చేతులు ఆపకుండా. ఆమె ముందుకు కదలబోయింది. అప్పుడన్నాడు: "అయితే ఈడ ఉండేది అమ్మగారు గదా. ఇంటికొచ్చిన ఆడబిడ్డ ఒట్టి జడతో నిలబడితే ఈయమ్మ మనసు ఎట్లుంటాది? ఈడ పెట్టుకో, కొండెక్కే ముందర తీసేయి."

ఆమె నాలుగు మూరలు కొన్నది.

ఏళ్ళ తరువాత ఉత్తరాది విశ్వవిద్యాలయమొకదానిలో, ఇంటి దగ్గరే ఉండి చదివే పద్ధతిలో నాగవేణి పరిశోధనకు చేరినప్పుడు, ఆమె ఎంచుకొన్న విషయం సరిగ్గా ఇదే. స్పానిష్ వ్యాసకర్తలు వాదనను ఎట్లా నడుపుతారు? ఎదుటివాడి మాటను ముందు ఎంతవరకు ఒప్పుకొంటారు, ఎక్కడ మలుపు తిప్పుతారు? ఆ మలుపు దగ్గర వాళ్ళు వాడే మాట ఒకటుంది: "సిన్ ఎంబార్గో". మన 'అయినప్పటికీ' వంటిది. ఆ మాట వచ్చిన ప్రతి చోటునూ ఆమె అట్టముక్కల మీద రాసి పెట్టుకొనేది. బలహీనుడైన రచయిత ఎదుటివాడి బలహీనమైన మాటనే ఒప్పుకొంటాడనీ, బలవంతుడు ఎదుటివాడి బలమైన మాటను, వాడికన్నా చక్కగా చెప్పి మరీ ఒప్పుకొంటాడనీ ఆమె సిద్ధాంతం. రెండో అధ్యాయం నాకు తెలుగులో చెప్పి వినిపించినప్పుడు, "ఇది మీ నాయన దగ్గర నేర్చుకొన్నావు" అన్నాను. నవ్వింది, కాదనలేదు.

మధ్యాహ్నం గుడి తలుపులు మూసి జనం పలచబడ్డాక, ఆమె అంగట్లో కూర్చుని స్పానిష్ వ్యాసాలను పైకి చదివేది. తిరుమలయ్య అరటినార తడుపుకొంటూ వినేవాడు. ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. అయినా చదువు సాగుతుండగా ఉన్నట్టుండి, "ఇంక తిప్పుతాడు సూడు పాపా" అనేవాడు. రెండు వాక్యాలు దాటకముందే ఆ "సిన్ ఎంబార్గో" వచ్చేది.

"నాయనా, నీకెట్లా తెలిసింది?"

"వాడు అంతసేపు అవునవును అంటా ఉండాడే! ఊరికే అంటాడా ఎవుడైనా?"

ఈ మాటను సిద్ధాంతగ్రంథం మొదటి పుటలో వేయాలని ఆమె కోరిక.

ఐదో ఏడు మాఘమాసంలో ఒకనాటి ఉదయం, కదంబమాల కడుతుండగా తిరుమలయ్య చేతిలోంచి నార జారిపోయింది. తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. పక్షవాతం. ఆసుపత్రి నుంచి ఇరవై రోజులకు ఇంటికి వచ్చాడు గాని, మాట రాలేదు. అంత మాటకారి మూగవాడై మంచానికి అతుక్కుపోయాడు. చూపు మాత్రం తేటగానే ఉండేది. అది మరీ కష్టం.

అతని భార్య కుప్పమ్మ గంగమ్మకు మొక్కుకొన్నది. భర్త తన కాళ్ళతో నడిచి గంగమ్మ గుడికి వచ్చేదాకా ఆ జబ్బు పేరును ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు; కాగితం మీద పెట్టకూడదు. పరామర్శకు వచ్చినవారికి "కొంచెం నలతగా ఉండాడు" అని మాత్రమే జవాబు. ఆసుపత్రి ఫైలు కూడా ఇంట్లో ఉండడానికి వీల్లేదన్నది. దాన్ని ఢిల్లీబాబు తన అంగట్లో, అగరుబత్తి కట్టల వెనక దాచాడు. మందులు మార్చుకోవలసి వచ్చినప్పుడల్లా నాగవేణి అక్కడికి పోయి, నిలబడి, ఆ ఫైలు చూసుకొని వచ్చేది.

నాయనకు అన్నం పెట్టడం, పక్క మార్చడం, కాళ్ళూ చేతులూ కదిలించి వ్యాయామం చేయించడం, పగలు కాసేపు అంగడి చూసుకోవడం: ఇవన్నీ తల్లీకూతుళ్ళ మీదనే పడ్డాయి. చివరి అధ్యాయం కదలలేదు. ఆరేళ్ళ గడువు దగ్గరపడింది. ఏడాది పొడిగింపు అడగవచ్చు. అయితే ఆలస్యానికి కారణం రాసి, ఆధారం జతచేయాలి. కారణం మంచం మీద ఉంది. ఆధారం అగరుబత్తుల వెనక ఉంది. రెండూ చేతికందే దూరంలో ఉన్నవే.

నాగవేణి వారం రోజులు తల్లితో వాదించింది. చివరి రోజు నేనక్కడే ఉన్నాను. ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం.

"అమ్మా, వాళ్ళు మన ఊరోళ్ళు కారు. ఆ కాగితం ఈడికి రాదు. ఎవురూ సూడరు" అన్నది నాగవేణి.

"నువ్వు రాస్తావు గదా. రాసే సెయ్యి నాయన బిడ్డది గదా."

"సదువు ఆగిపోతాది మా."

"సదువు మళ్ళా వస్తాది. బతికుండే మనిషిని కాగితంలో పండబెడతావా? ఆడ పండబెడితే ఈడ లేస్తాడా పాపా?"

నాగవేణి గొంతు తగ్గించి, "నువ్వు సెప్పేది నిజమే మా. మొక్కంటే మొక్కే. నేను గూడా కాదనను..." అని మొదలుపెట్టింది.

కుప్పమ్మ చెయ్యెత్తి ఆపింది. "వద్దు. మీ నాయన మాట్లాడినట్టు నా ముందర మాట్లాడొద్దు. నేను తట్టుకోలేను."

నాగవేణి తల వంచుకొన్నది. మరి ఆ మాట ఎత్తలేదు. తల్లికి తెలియకుండా రాసి పంపవచ్చు. కుప్పమ్మకు ఇంగ్లీషు రాదు. ఆ దారి ఆమెకు తోచకపోలేదు. కాని మొక్కుకు కట్టుబడతానని తల్లికి మాట ఇచ్చింది. మార్గదర్శకురాలు కోమలి మేడమ్ ఫోను చేసి ఆలస్యమెందుకని అడిగితే, ఆమెతో కూడా "ఇంట్లో పనులు మేడమ్" అని మాత్రమే అన్నది.

ఆ తరువాత ఆమె రాసిన అర్జీని నాకు చూపించింది. రెండు పుటలు. గడువు నియమం న్యాయమైనదేనని మొదటి పేరాలో పూర్తిగా ఒప్పుకొన్నది. ఆ నియమం ఎందుకు అవసరమో అధికారులకన్నా చక్కగా చెప్పింది. తరువాత మెల్లగా తిప్పింది. చివరి అధ్యాయం లేకపోతే ముందరి అధ్యాయాలకు ఏమి నష్టమో, ఉంటే ఆ శాస్త్రానికి ఏమి లాభమో మెట్టు మీద మెట్టుగా కట్టింది. ఎర్రసిరాతో దిద్దడానికి నాకు ఒక్క మాట కూడా దొరకలేదు. ఉండవలసిన మాట అందులో లేదని నాకు తెలుసు. "బాగుంది నాగవేణీ" అని తిరిగి ఇచ్చాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ నాకు మనసు కుదుటపడదు.

మూడు వారాలకు విశ్వవిద్యాలయపు పరిశోధన సంఘం నుంచి జవాబు వచ్చింది. అభ్యర్థిని వాదన ప్రశంసనీయమనీ, పరిశోధన విలువను సంఘం గుర్తించిందనీ, అయితే ఆలస్యానికి తగిన కారణమేదీ చూపనందువల్ల పొడిగింపు ఇవ్వలేమనీ అందులో ఉంది. నాగవేణి నా ముందే చదివి, "టీచర్, చక్కగా రాసినారు" అన్నది. నిందగా అనలేదు. నిజంగానే అన్నది. తల్లితో మాత్రం గడువు అయిపోయిందని చెప్పి, అట్టముక్కలనూ పుటలనూ మూట కట్టి బీరువా మీద పెట్టింది. ఆ నెలలోనే ఫ్యాక్టరీలో చేరింది.

జబ్బు పడిన మరుసటి ఏడు ఆషాఢంలో తిరుమలయ్య పోయాడు. గంగమ్మ గుడిదాకా కాదు, గడపదాకా కూడా నడవలేదు. ఢిల్లీబాబు తన అంగట్లోని పూలన్నీ తెచ్చి పాడె మీద పరిచాడు. "ఏమప్పా, ఒగ మాటన్నా సెప్పకుండా పోతివే" అని, మాట తప్ప మరేమీ లేని ఆ స్నేహాన్ని తలచుకొని ఏడ్చాడు.

కర్మలు ముగిసిన మరునాడు కుప్పమ్మ తనంతట తానే ఢిల్లీబాబు అంగడికి పోయి ఆసుపత్రి ఫైలు తెచ్చింది. దాన్ని కొంగుతో తుడిచి కూతురి ముందు పెట్టింది.

"ఇప్పుడు రాయి పాపా. ఇంక రాయొచ్చు."

నాగవేణి రాసింది. ఈసారి నాలుగే వాక్యాలు. ఒప్పుకోవడమూ లేదు, తిప్పడమూ లేదు. జబ్బు పేరు, పట్టిన తేదీ, పోయిన తేదీ, విన్నపం. ఆధారాలు జతచేసింది. కోమలి మేడమ్ ఆ కాగితాలు చూసి ఫోనులో ఏడ్చింది. "నాతో అయినా చెప్పకూడదా అమ్మాయ్? ఒక్క ముక్క సరిపోయేదే!" అన్నది. ఆమె కూడా సంఘానికి రాసింది. కాని ముగిసిన నమోదును తిరిగి తెరిచే నిబంధన లేదని జవాబు వచ్చింది. మొదటి నుంచి, కొత్త అభ్యర్థినిగా, కొత్త విషయంతో చేరవచ్చునట.

ఆ జవాబు వచ్చిన వారంలోనే, ఆదివారం నాడు నేను వాళ్ళింటికి వెళ్ళాను. కుప్పమ్మ నాకూ కూతురికీ ఆకులు వేసి, వడ్డించబోతూ ఆగింది.

"టీచరమ్మా, మీరు గూడా ఉండారు గాబట్టి అడగతా ఉండాను. పాపా, నిజం సెప్పు. అప్పుడే రాసింటే ఇచ్చిందురా?"

నాగవేణి తల ఎత్తలేదు. "లేదు మా. అప్పుడు రాసినా ఇయ్యరు. రూల్సు మారిపోయినాయి" అన్నది.

కుప్పమ్మ చూస్తూనే ఉంది.

"నేను రాసిండే దాంట్లో గూడా తప్పులు శానా ఉండాయి మా."

కుప్పమ్మ ఇంకా చూస్తూనే ఉంది.

"అదీగాక ఆ కమిటీలో ఒకాయనకు మా మేడమంటే గిట్టదు. ఎట్లా రాసినా ఇచ్చుండరు."

వాదనలు వింటూ పూలంగడిలో ముప్పై ఏళ్ళు బతికిన ఆ మనిషి గరిటె కింద పెట్టింది.

"ఒగటి సెప్పింటే నమ్మిందును పాపా" అన్నది. "మూడు సెప్పితివి."

నాగవేణి నన్ను చూసింది; నేను నా ఆకులోకి చూశాను. కుప్పమ్మ మళ్ళీ గరిటె తీసుకొని ఇద్దరికీ అన్నం వడ్డించింది. తరువాత కూతురి పక్కన కూర్చుని, ఆమె మొదటి ముద్ద తీసుకొనేదాకా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.