సొరల చుట్టరికం

సొరచేపల చుట్టరికాలు తేల్చడం ఆమె ఉద్యోగం. గోరంత రెక్క ముక్కలోంచి డీఎన్‌ఏ తీసి, ఏది దేనికి తల్లో, ఏది చెల్లెలో చెబుతుంది. చేపల పడవ నడిపే సరంగు అయిన అన్నయ్య ఆమెను ‘సొరల పెళ్లిపెద్ద’ అని ఏడిపించేవాడు.

ఆ ఏడు రేవు గోదాములో వలవాళ్లందరి ముందూ ఆమె చెప్పింది. “మన అఖాతంలో ఉన్నవన్నీ ఒక్క ఇంటివే. బయటి నుంచి ఒక్కటీ వచ్చి కలవడం లేదు. ఉన్నవి అయిపోతే అయిపోయినట్టే. అవి పిల్లలు పెట్టే కాలంలోనైనా వలలు ఆపండి.”

“మరి మా పొయ్యిలో పిల్లి లేవాలా వద్దా?” అంటూ ఒకాయన లేచాడు. గోదాము గోలగోలైంది. అన్నయ్య తలుపు తోసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమెతో మాటే మానేశాడు. మధ్యలో వదిన నలిగిపోయింది.

ఒక ఉదయం అతనే ఫోన్ చేశాడు. “రేవు ముందరే ఉన్నాం. తొందరగా రా, వలలో ఒకటి పడింది.”

చిన్న పడవలో ఆమె వెళ్లేసరికి సొర వలలో చిక్కుకుని పడవ పక్కన తేలుతోంది. మొప్పలు కదిలీ కదలనట్టున్నాయి. పొట్ట బరువుగా ఉంది.

“లాగేద్దాం అన్నా! వల కోస్తే మళ్లీ ఎవరు కుడతారు?” అన్నాడు కొక్కెం పట్టుకున్న పనివాడు.

“నువ్వు చెప్పిన వాటిల్లోదేనా ఇది?” అన్నయ్య చెల్లెల్ని అడిగాడు.

“పరీక్ష చేస్తేగానీ తెలీదు. కడుపుతో ఉంది అన్నయ్యా.”

అతను ఆమె నడుము గట్టిగా పట్టుకున్నాడు. ఆమె వంగి రెక్క చివర కత్తిరించి చిన్న సీసాలో వేసుకుంది. మరుక్షణం అతనే కత్తి తీసి వలను బర్రున కోశాడు. సొర చలనం లేకుండా కిందికి జారిపోయింది.

“పోయింది,” అన్నాడు పనివాడు.

ఆమె అంచు మీదికి వంగి నీళ్లలోకి చూసింది. బాగా లోతున తోక ఒకసారి ఊగింది. మళ్లీ ఊగింది.

పరీక్ష ఫలితాన్ని ఆమె రెండుసార్లు సరిచూసుకుంది. ఆ సొరకు అఖాతంలో దేనితోనూ చుట్టరికం లేదు. అది బయటి నుంచి వచ్చింది! అందరి ముందూ తను చెప్పిన మాట తప్పింది. ఇది తెలిస్తే ఇక వలలు ఎవరాపుతారు? ఆ ఒక్క సీసాను లెక్కలోంచి తీసేస్తే? మధ్యాహ్నమంతా ఆ ఆలోచన ఆమెను పీక్కు తింది. చివరికి తనమీద తనకే రోత పుట్టి, లేచి అన్నయ్య ఇంటికి నడిచింది.

విన్నాక అతను అడిగింది ఒక్కటే. “వాళ్లకు చెబుతావా?”

“చెప్పకపోతే ఎలా?”

చెప్పింది. “వస్తున్నాయంటగా! ఇంకెందుకు ఆపడం?” అని గోదాములో కేకలు లేచాయి. అప్పుడు అన్నయ్య నిలబడ్డాడు.

“ఒక్క చుట్టం గడప తొక్కితే ఇల్లు నిండిందా? ఆ వచ్చినదాన్నీ పట్టి అమ్ముకుంటే రేపు ఇంకేది వస్తుంది? తన మాటకు అడ్డమొచ్చే సంగతి నా చెల్లెలు తనే చెప్పింది. నోరు మూసుకుంటే మీకు తెలిసేదా?”

కాసేపటికి చేతులు ఒక్కొక్కటే లేచాయి. అందరివీ కాదు. కానీ సగం దాటాయి. పిల్లలు పెట్టే కాలంలో వలలు ఆపడానికి ఈ ఒక్క ఏడాదికి ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లు ఆమెను రాసుకుంటూ విసవిసా వెళ్లిపోయారు.

“వచ్చే ఏడు మళ్లీ పోట్లాటే,” అంది ఆమె.

“అప్పటి సంగతి అప్పుడు,” అంటూ అన్నయ్య గోదాము తలుపు మూశాడు.